బల్లకి నూనె పట్టించిన రాత్రి

సందు చివరింటి వైపు రాత్రిపూట చూస్తే చూడొచ్చు గానీ, ఊపిరి మాత్రం పీల్చకూడదనేవారు. ఆ ఇంట్లో దెయ్యం కనపడదు. వాసనొస్తుంది.

కాలిన వాసన. పొయ్యి ఆర్పేసి ఉంటుంది, దీపాలు తీసేసి ఉంటాయి, మూలమూలా వెతికినా నిప్పన్నది దొరకదు... అయినా వాసన గుప్పుమంటుంది. కాసేపటికి కుర్చీ లాగిన చప్పుడు. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే అక్కడిదాకా ఆగిన మగాడు లేడు. మూడు కాపరాలు దిగాయి. మూడూ పడకగదిలోంచి పెరటి తలుపు తీసుకుని, కట్టుబట్టలతో పారిపోయాయి.

ఆ ఇంట్లో ఒకప్పుడు కర్రసామాన్లకి పాలిష్ పెట్టే ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. పాలిష్ తాత అనేవారంతా. ఒకరోజు బారెడు పొద్దెక్కినా తలుపు తియ్యలేదు. పగలగొట్టి చూస్తే తన బల్ల ముందు, తన చేతుల కుర్చీలో, తల వాల్చి కూర్చునే ఉన్నాడట. పిలిస్తే లేచేట్టే ఉన్నాడట. గదినిండా పొగ... నిప్పు మాత్రం లేదు.

ఆయన పోయాక బల్లా, నాలుగు కుర్చీలూ ఇంట్లోనే ఉండిపోయాయి. ఓనరు అమ్ముదామని చూశాడు. దెయ్యం కూర్చున్న కుర్చీలో ఎవడు కూర్చుంటాడండీ? ఊరికే ఇస్తానన్నా పట్టుకుపోయేవాడు దొరకలేదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. భయం ఉంది, అది వేరే సంగతి. ఈ కథ నాకు చెప్పినావిడా అలాంటిదే.

ఆవిడ బట్టలు కుడుతుంది, అందరూ టైలరమ్మ అంటారు. మొగుడు రాత్రి బస్సుకి డ్రైవరు. ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. పొద్దస్తమానం కిచకిచలాడుతుందని పిచ్చుక అని పిలిచేవారు. ఈ ముగ్గురూ అంతవరకూ బావగారింట్లో ఉండేవారు. ఉండేవారంటే... వరండాలో ఓ మూల, కుట్టుమిషను పక్కన. తోడికోడలు నోరు తెరిచి ఒక్క మాట అనేది కాదు. అనాల్సిందంతా గిన్నెలే అనేవి. ఏ గిన్నె ఎవరి కోసం చప్పుడు చేస్తోందో తెలియనంత అమాయకురాలేం కాదు టైలరమ్మ.

ఆ ఇంట్లో భోజనాల బల్ల ఉండేది. పిచ్చుకకి మాత్రం దాని దగ్గర ఎప్పుడూ కుర్చీ ఖాళీ ఉండేది కాదు. పిల్ల కంచం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తినేది. "కూర్చోవే" అంటే, "నాకిలాగే బాగుందమ్మా" అనేది. అది అలా అన్న రోజు తల్లికి ముద్ద గొంతు దిగేది కాదు.

అందుకే సందు చివరిల్లు ఖాళీగా ఉందనీ, అడిగినవాళ్ళకి ఓనరు దండం పెట్టి మరీ ఇస్తున్నాడనీ తెలియగానే ఎగిరి గంతేసింది. డ్రైవరు మాత్రం గంతెయ్యలేదు. ఆ మనిషి అర్ధరాత్రి కొండదారిలో బస్సు నడుపుతాడు గానీ, ఇంట్లో బల్లి అరిస్తే లేచి లైటేస్తాడు.

"ఒక్క మాట ముందే చెప్తున్నా," అన్నాడు. "వాసనంటే సర్దుకుంటా. కుర్చీ కదిలిందని నాకు తెలిసిందో... ఆ క్షణమే మూటాముల్లె. మళ్ళీ అన్నయ్య ఇంటికే. అప్పుడు నువ్వు ఏడ్చినా వినను."

"కుర్చీ ఎలా కదుల్తుందండీ? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

"నాలుగున్నాయి," అన్నాడు ఆయన.

ఓనరు తాళంచెవి ఇవ్వడానికొచ్చి గడప బయటే నిలబడ్డాడు. "లోపల అవిసె నూనె డబ్బా ఉందమ్మా, తాత వాడిందే. బల్ల పాపం ఎండిపోయి ఉంది, కాస్త పట్టించుకుంటే నిగనిగలాడుతుంది. దిగినవాళ్ళందరికీ చెప్తుంటాను," అని గుమ్మంలోంచే చెప్పి చక్కా పోయాడు.

సామాను దించుతుంటే పక్కింటి పిన్నిగారు వచ్చి చెవి దగ్గర నోరు పెట్టింది. "వాసనొస్తే వెతక్కు తల్లీ. వెతికేకొద్దీ అది దగ్గరికొస్తుందట. ముసుగు తన్ని పడుకో. కుర్చీ చప్పుడైందా... ఇంక ఆలోచించకు. పెరటి తలుపు తీసుకుని మా ఇంటికొచ్చెయ్. ముందరగదిలోకి మాత్రం పోకు."

"అలాగే పిన్నిగారూ," అంది టైలరమ్మ. మనసులో మాత్రం, వాసనొచ్చినా పోను, వాసన బాబొచ్చినా పోను అనుకుంది.

ముందరగదిలో ఉంది బల్ల. ఏళ్ళ తరబడి దుమ్మూ, పాత నూనే, పాలిషూ కలిసి అట్టకట్టి, బొగ్గు పూసినట్టుంది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది గానీ బల్ల తెల్లబడలేదు. పాత కత్తెర రెక్క ఒకటి ఏటవాలుగా పట్టుకుని గీకింది. పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చింది. ఆ మీద ఉప్పుకాగితం పట్టుకుని, ముందు గరుకుదీ తర్వాత సన్నదీ, కర్ర గీత ఎటు పోతే అటే రుద్దింది. ఒకసారి అడ్డంగా రుద్ది చూసి, పడ్డ గీట్లు పోగొట్టడానికి ఓ పూటంతా తిట్టుకుంది. బట్టకైనా కర్రకైనా నిలువూ అడ్డమూ తెలియకపోతే ఎలాగే మొద్దూ అని తనని తానే.

అడుగున టేకు బయటపడింది. తేనె రంగు. పిచ్చుక చెంప ఆనించి చూసి, "అమ్మా, ఇది వెచ్చగా ఉందే!" అంది.

కుర్చీల కీళ్ళు వదులైపోయాయి. సెలవురోజున డ్రైవరు మూడింటికి జిగురు పెట్టి బిగించాడు. నాలుగోది చేతుల కుర్చీ. దాన్ని చూసి, చేతులు తుడుచుకుని, "నాకు బస్సు టైమైంది," అన్నాడు. సెలవురోజున బస్సేమిటండీ అని ఆవిడ అడగలేదు. దాన్ని తనే బాగుచేసుకుంది. రాయిలా బరువది. ఇటు నుంచి అటు జరపాలంటే నడుం పట్టేసేది. నాలుగింటికీ మిగులుగుడ్డతో కొత్త దిండ్లు కుట్టింది. పిచ్చుక ప్రతిదాంట్లోనూ కూర్చుని లేచి, కిటికీ పక్కది తనదని తేల్చేసింది.

నూనె పట్టించడం ఒకటే మిగిలింది. టైలరు ఇంట్లో గుడ్డపీలికలకి కరువా? కత్తిరింపుల గోనెసంచిలోంచి గుప్పెడు తీసి, నూనెలో ముంచి, పిండి, బల్లకి పట్టించింది. తాగేసింది బల్ల. ఎన్ని పీలికలు ముంచినా ఇంకా ఇంకా అంది. సాయంత్రానికి బల్లా కుర్చీలూ మెరిసిపోతున్నాయి. పీలికలేమో కుప్ప పడ్డాయి.

గుడ్డముక్క పారెయ్యడమంటే టైలరమ్మకి వేలు కోసుకున్నట్టే. రేపు రెండో పూతకి పనికొస్తాయి కదా అని, ఆ నూనె పీలికలన్నీ మళ్ళీ అదే సంచిలో, ఎండు పీలికల మధ్య కుక్కింది. కాలు పెట్టి తొక్కి మరీ కుక్కింది. మూతి బిగించి, బల్ల కిందకి తోసింది. ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా.

"ఇవాళే కూర్చుని తిందాం అమ్మా," అంది పిచ్చుక.

"నూనె ఆరొద్దూ? రేపు. రేపు ముగ్గురం కూర్చుందాం."

"నాన్న కూడానా? చేతుల కుర్చీలోనా?"

"మీ నాన్నా? దాంట్లోనా?" అని తల్లీ కూతుళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆ రాత్రి డ్రైవరు బస్సు మీద ఉన్నాడు. టైలరమ్మ పడకగది తలుపు గడియ పెట్టి, పిల్లని పక్కలో వేసుకుని పడుకుంది. ఒళ్ళు పచ్చిపుండులా ఉంది. పడుకోగానే నిద్ర పట్టేసింది.

ఎందుకో మెలకువ వచ్చింది.

చప్పుడేం లేదు. పిల్ల నిద్రపోతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. అంతా మామూలుగానే ఉంది... మరెందుకు గుండె ఇలా కొట్టుకుంటోంది?

ఊపిరి పీల్చింది. అప్పుడు తెలిసింది.

వాసన.

మొదట నూనె వాసనేలే అనుకుంది. సాయంత్రమంతా దాంట్లోనే ఉంది కదా, ముక్కుకి పట్టేసి ఉంటుంది. మళ్ళీ పీల్చింది. కాదు... నూనె కాదు. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మర్చిపోతే వస్తుందే, ఆ వాసన. ఇస్త్రీపెట్టె అరుగు మీద చల్లగా ఉంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పొయ్యి ఆర్పింది. అదీ తెలుసు.

'వెతక్కు తల్లీ. వెతికేకొద్దీ దగ్గరికొస్తుందట.'

ముసుగు తన్నింది. పిల్లని గట్టిగా పొదువుకుంది. వెతకను. నేను లేవను. నువ్వెవరివైనా సరే, నీ వాసన నువ్వు వేసుకో, మా జోలికి రాకు... అని లోపల్లోపలే గొణుక్కుంటూ, కళ్ళు గట్టిగా మూసుకుంది. చెవులకి మాత్రం రెప్పలుండవు కదా.

క...ర్ర్...ర్ర్...

గచ్చు మీద కర్ర ఈడ్చిన చప్పుడు. ముందరగదిలోంచి.

ఆగింది.

టైలరమ్మకి చెమటలు దిగకారాయి. ఎలకేమో. పెరటి పిల్లి జొరబడిందేమో. ఆ కుర్చీల్లో ఏదీ ఎలక కదపగలిగింది కాదని ఆవిడ నడుముకే తెలుసు. అయినా ఎలకే అనుకుంది. ఎలకే, ఎలకే, ఎలకే...

క...ర్ర్ర్ర్...

ఇంకా దగ్గరగా. బల్ల దగ్గర కాదు. గది మధ్యలో.

"అమ్మా..." పిచ్చుక లేచింది. గొంతు గుసగుసగా ఉంది. "నాన్నొచ్చాడా?"

"ష్... లేదు. పడుకో."

"మరి కుర్చీ ఎవరు లాగుతున్నారు?"

ఆవిడ పిల్ల నోరు చేత్తో మూసింది. చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగలేదు. ముసలివాడు ఆయాసపడుతూ బరువు లాగుతున్నట్టు, ఆగుతూ... సాగుతూ... వస్తోంది. వస్తోంది. తలుపు అవతలికి వచ్చింది.

టక్.

తలుపుకి తగిలింది. గడియ గలగలమంది.

ఇంక ఆలోచించకు అంది కదూ పిన్నిగారు? టైలరమ్మ పిల్లని చంకనేసుకుని ఒక్క ఉదుటున పెరటి తలుపు దగ్గరికి పోయింది. చీకట్లో గడియ దొరకబుచ్చుకుంది. చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకుంది. సగం లాగింది...

"పెదనాన్న వాళ్ళింటికి పోదామా అమ్మా?" అంది పిచ్చుక చెవిలో.

ఏడవలేదు. పేచీ పెట్టలేదు. ఊరికే అడిగింది, అంతే. చెప్పులేసుకోనా అని అడిగినట్టు.

టైలరమ్మ చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. వెనక... టక్. టక్. అవతల ఉన్నదేదో తొందరపడుతోంది. ముందు పెరడు, పెరడు దాటితే పిన్నిగారిల్లు, తెల్లారితే బావగారి వరండా, గుమ్మంలో నిలబడి తినే పిల్ల. ఎటు చూసినా భయమే. కానీ ఒక భయం ఆవిడ ఏళ్ళ తరబడి తిన్నది. ఇంక తినలేననిపించింది. అంతవరకూ లేని కోపం ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో గానీ, పిల్లని కిందకి దించి, వెనక్కి తిరిగి, గది తలుపు గడియ భళ్ళున తీసింది.

"ఎవరది! ఏం కావాలి నీకు?" అని అరిచింది. అరిచానంది గానీ, గొంతు పీలగా వచ్చిందట.

ఒక్క అడుగేసిందో లేదో మోకాలికి ఏదో తగిలి బోర్లా పడబోయింది. తడిమింది. చేతులున్నాయి... కర్ర చేతులు.

చేతుల కుర్చీ. గుమ్మానికి అడ్డంగా, నిటారుగా నిలబడి ఉంది. అందులో ఎవరూ లేరు. కొత్త దిండు మాత్రం లోపలికి నొక్కుకుపోయి, మెల్లగా పైకి లేస్తోంది.

ఆవిడకి కెవ్వుమని అరుపు రావలసింది. రాలేదు, ఎందుకంటే ఆపాటికే పొగ గొంతులోకి పోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కుర్చీ మీదుగా చూసింది... గది నిండా పొగ. బల్ల కింద గోనెసంచి నడిబొడ్డున, నిప్పుకన్ను ఒకటి ఎర్రగా తెరుచుకుని ఉంది. చూస్తుండగానే దాని మీద చిన్న మంట లేచి, బల్ల అడుగుని నాకింది.

అప్పుడింక దెయ్యం లేదు, గియ్యం లేదు. "పిచ్చుకా! నీళ్ళు!" అంటూ స్నానాలగదిలోకి పరిగెత్తింది. నిండు బకెట్టు ఎత్తుకొచ్చి, కుర్చీ పక్కనుంచి దూరి, సంచి మీద కుమ్మరించింది. బుస్సుమంది. ఇంకోటి. పిచ్చుక చెంబుతో తెచ్చి పోస్తోంది, సగం తన కాళ్ళ మీదే పోసుకుంటోంది. కిటికీలు తీసింది. సంచిని కాలితో పెరట్లోకి ఈడ్చి, తొట్టిలో ముంచేసింది. ముంచితే కూడా లోపల్నుంచి ఉడుకుతున్నట్టు బుడగలొచ్చాయి.

వీధి తలుపు దబదబా బాదారు. "అమ్మాయ్! ఉన్నారా? కిటికీలోంచి పొగొస్తోంది!" పిన్నిగారి గొంతు. ఆవిడ వెనక సందంతా లేచినట్టుంది.

టైలరమ్మ తలుపు వైపు ఒక అడుగేసి ఆగింది. గుమ్మంలో నిలబడ్డ కుర్చీని చూసింది. ఇది ఎవరి కంటైనా పడితే మాట డ్రైవరు దాకా పోతుంది. దాన్ని ముట్టుకోవాలంటే ప్రాణం పోతోంది... అయినా కుర్చీ రెండు చేతుల మీదా తన చేతులేసి, నీళ్ళలో జారుతూ, దాన్ని వెనక్కి తోసింది. తోస్తున్నంతసేపూ దిండు వైపు చూడలేదు. బల్ల దగ్గర తన చోట పెట్టేసి, అప్పుడు వెళ్ళి తలుపు తీసింది.

తెల్లారాక రంగుల కొట్టాయన వచ్చి సంచి చూశాడు. తల కొట్టుకున్నాడు. "అవిసె నూనె పీలికలు ఇలా కుక్కి పెడతారా తల్లీ? ఆరేటప్పుడు ఆ నూనె వేడెక్కుతుంది. వేడి బయటికి పోయే దారి లేకపోతే తనకి తనే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. విడివిడిగా తీగ మీద ఆరేసుకోవాలి, లేదా నీళ్ళలో వెయ్యాలి."

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. దిగిన ప్రతివాళ్ళకీ ఓనరు ఆ డబ్బా ఇచ్చాడు. ప్రతివాళ్ళూ బల్లకి నూనె పట్టించారు, నాలుగు పీలికలు చుట్టి ఏ మూలో పడేశారు. అవి రాజుకుని, పొగలు కక్కి, వాటంతట అవే చల్లారాయి. అంతే. పాలిష్ తాత కూడా అలాగే పోయి ఉంటాడు పాపం, అలిసిపోయి కుర్చీలో నిద్రపోయి ఉంటాడు అన్నారెవరో.

"అయితే దెయ్యం లేదన్నమాట," అంది పిన్నిగారు. ఇన్నేళ్ళు పెంచుకున్నది చెయ్యి జారిపోయినట్టు మొహం చిన్నబుచ్చుకుంది. "మరి కుర్చీ చప్పుడో?"

"నాకేం వినపడలేదు పిన్నిగారూ," అంది టైలరమ్మ.

డ్రైవరు వచ్చేసరికి జనం వెళ్ళిపోయారు. ఆవిడ మసి పోయేలా సబ్బేసి గచ్చంతా తోమి కడిగింది. ఆయన విషయమంతా విని, పెళ్ళాన్నీ పిల్లనీ తడిమి చూసి, బల్ల అడుగున కాలిన మచ్చని వేలితో రాశాడు. తర్వాత హమ్మయ్య అని పిచ్చుకని భుజానికెత్తుకున్నాడు.

"పీలికల దెయ్యమా! నేనింకా ఏమిటో అనుకుని చచ్చాను. పోన్లే, పీడా పోయింది. ఇంక ఈ ఇల్లు మనదే."

ఆ మాట అంటూనే కిందకి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇవేమిటి?"

గచ్చు ఆరుతోంది. ఏళ్ళ మురికి వదిలిన చోట, ఎర్ర సిమెంటు మీద తెల్లటి గీతలు తేలాయి. బల్ల దగ్గర చేతుల కుర్చీ కాళ్ళ కింద మొదలై, తిన్నగా పడకగది గుమ్మం దాకా వచ్చి ఆగాయి. ఒక వరస కాదు. నాలుగు. ఒకటి కొత్తది, అంచులింకా గరుకుగా ఉన్నాయి. మూడు పాతవి.

టైలరమ్మ గోడకి ఆనుకుంది. మూడు కాపరాలు. మూడుసార్లూ ఆ తాతే కుర్చీ లాక్కుంటూ లాక్కుంటూ ఆ గుమ్మం దాకా వచ్చాడు, లేపడానికి. వాళ్ళేమో వెనక తలుపు తీసుకుని పారిపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి కోసమో ఆవిడకే తెలీదు.

"ఏమే, నిన్నే. కుర్చీ కదిలిందా రాత్రి?" డ్రైవరు మొహం పాలిపోయింది. పిల్లని దించేశాడు. "నిజం చెప్పు. కదిలిందా?"

ఆవిడ నోరు తెరిచింది.

"నేనే నాన్నా," అంది పిచ్చుక.

ఇద్దరూ దాని వైపు తిరిగారు. అది తండ్రి మొహంలోకి చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

"నువ్వా?"

"ఊఁ. బస్సాట ఆడా. చేతుల కుర్చీ బస్సు. బల్ల దగ్గర ఎక్కాలి, గుమ్మం దగ్గర దిగాలి."

"అంత బరువుదాన్ని నువ్వు లాగావా? ఇన్ని ట్రిప్పులా?"

"మెల్లగా లాగా." పిచ్చుక చెయ్యి వెనక్కి పోయి తల్లి కొంగు పట్టుకుంది. "ఇంకెప్పుడూ ఆడను నాన్నా. మనం ఇక్కడే ఉందాం."